భోగి మంటల్లో రిజిస్ట్రీ

పొద్దున్నే షట్టరెత్తి, కంప్యూటర్ స్విచ్ నొక్కి, గుమ్మం ముందు నీళ్లు చల్లి, సందు చివర బడ్డీకొట్లో టీ తాగి వచ్చేవారు ఆయన. అప్పటికి కూడా తెర మీద మౌసు పక్కన ఇసుకగడియారం తిరగేసుకుంటూనే ఉండేది. ఇంకో రెండు ఐకాన్లు వచ్చేవి. మళ్లీ ఇసుకగడియారం. తెనాలి బోసు రోడ్డు పక్క సందులో ఆ డీటీపీ సెంటర్ దినచర్య 2006 జనవరి నాటికి ఇలా ఉండేది.

కొన్న కొత్తలో ఇలా లేదు. పెంటియం 4. నూట ఇరవై ఎనిమిది ఎంబీల ర్యామ్. ఇరవై జీబీల హార్డ్‌డిస్క్. అప్పట్లో సందులో వాళ్లంతా వచ్చి చూసిపోయిన మిషను! తర్వాత డిస్కు నిండిపోతే ఇంకోటి కొని లోపల బిగించారు. అదే ‘ఇ డ్రైవు’. తెలుగు ఫాంట్లు, తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్, కస్టమర్ల ఫైళ్లు అన్నీ అందులోనే. శుభలేఖలు, దినాల కార్డులు, బిల్లు పుస్తకాలు... ఇంటికి బియ్యం వచ్చేది ఆ పెట్టెలోంచే.

మాఘం దగ్గరపడుతోంది. పెళ్లికార్డులు వరస కట్టాయి. వాటికి తోడు మాస్టారి పుస్తకం. ఆయనకి హైస్కూల్లో తెలుగు చెప్పిన మాస్టారు, ఎనభయ్యో ఏట తన పద్యాలన్నీ ఒకచోట చేర్చి తొంభై ఆరు పేజీల పుస్తకం వేసుకుంటున్నారు. ఆవిష్కరణ ఆ నెల 22, ఆదివారం. ఆహ్వానపత్రాలు పంచేశారు కూడా. కనుమ మర్నాటికల్లా ట్రేసింగులు బెజవాడ ప్రెస్సుకి చేరాలి. అదీ మాట.

సరిగ్గా అప్పుడే సంక్రాంతి సెలవులకి మేనల్లుడు దిగాడు. ఇంజినీరింగ్ రెండో ఏడు. ఇసుకగడియారాన్ని కాసేపు చూసి తేల్చేశాడు. ‘‘మావయ్యా, నీ రిజిస్ట్రీ నిండా చెత్త పేరుకుపోయింది. శుభ్రం చేసి కుదించేస్తే రాకెట్టే!’’

కంప్యూటర్ పత్రికతో వచ్చిన సీడీలో రిజిస్ట్రీ క్లీనర్ ఉంది. ఎక్కించాడు. స్కాన్ మొదలైంది. తెర కింద ఓ అంకె గిర్రున పెరిగింది. చివరికి ఎర్రక్షరాల్లో ఆగింది: 1,140 లోపాలు.

వెయ్యిన్నూట నలభై! ఆయన గుండె గుభేలుమంది. వెంటనే ఓ రకమైన ఊరట కూడా కలిగింది. ఇన్నాళ్లూ ఎందుకో తెలియని నీరసానికి డాక్టరు పేరు పెడితే కలిగే ఊరటలాంటిది. రోగం తెలిసింది, మందు చేతిలో ఉంది. ఇంకేం కావాలి?

మర్నాడు భోగి. తెల్లారుజామున సందు మొదట్లో మంట వేశారు. విరిగిన కుర్చీ, అరిగిన చీపుళ్లు, తాటాకులు అందులో పడ్డాయి. ‘‘ఏవండీ, ఇల్లంతా దులిపాం, చేత్తో ఆ షాపు కూడా దులపరాదూ?’’ అంది భార్య. మామా అల్లుళ్లు బయల్దేరారు. ముందు క్యాబినెట్ విప్పి బ్రష్షుతో దుమ్ము దులిపారు. ఫ్యాను మీద వేలి మందాన పేరుకుంది. అదంతా తీసి, మూత బిగించి, మిషన్ ఆన్ చేసి క్లీనర్ నడిపారు. ‘తీసేసేముందు కాపీ దాచమంటారా?’ అని అడిగింది. ‘‘చెత్తకి కాపీ ఏంటి మావయ్యా, జాగా దండగ’’ అని మేనల్లుడు టిక్కు తీసేశాడు. పాత స్థితికి తిరిగి వెళ్లేందుకు విండోస్‌లోనే ఉండే ‘సిస్టమ్ రీస్టోర్’ని డిస్కులో చోటు కోసం ఏడాది కిందటే ఆపేశారు. లోపాలన్నీ పోయాయి. తర్వాత కుదింపు. ఇరవై ఏడు ఎంబీల రిజిస్ట్రీ ఇరవై నాలుగయింది. రీస్టార్ట్ చేయమంది. చేశారు.

ఆయనకి ఏదైనా కొలిచి చూసుకునే అలవాటు ఉంది. కాగితం రీము కొన్నా లెక్కపెట్టే మనిషి. స్విచ్ నొక్కిన దగ్గర్నుంచి పేజ్‌మేకర్ తెరుచుకునేదాకా చేతి గడియారంతో చూసి బిల్లు పుస్తకం వెనక రాశారు. శుభ్రం చేయకముందు 4 నిమిషాల 10 సెకన్లు. చేశాక 4 నిమిషాల 5 సెకన్లు. ఇంకోసారి చూస్తే 4 నిమిషాల 12 సెకన్లు.

అయినా సరే, ఏదో తేలికైనట్టే అనిపించింది. మౌసు చురుగ్గా కదిలినట్టు, కిటికీలు టక్కున తెరుచుకున్నట్టు... తలంటి పోసుకున్న రోజున ఒళ్లు తేలికైనట్టు ఉంటుందే, అలా! అప్పుడే రీస్టార్ట్ చేసిన ఏ కంప్యూటరైనా కాసేపు అలాగే ఉంటుందని అప్పుడు తోచలేదు. షాపుకి తాళం వేసి పిండివంటలకి ఇంటికెళ్లారు.

ఇంతకీ ఈ రిజిస్ట్రీ అంటే ఏమిటి? అదో దస్తరం. ఏ ప్రోగ్రాం ఎక్కడుంది, ఏ రకం ఫైలుని ఏది తెరవాలి, ప్రింటర్ పేరేమిటి, ఫాంట్లు ఏ డ్రైవులో ఉన్నాయి, స్విచ్ వేయగానే వేటిని లేపాలి... అన్నీ అందులో రాసుకుంటుంది విండోస్. పూర్వం ప్రతి ప్రోగ్రామూ తన సంగతులు విడివిడి చీటీల్లో రాసుకునేది. వాటినే ఐఎన్ఐ ఫైళ్లనేవారు. 1992లో విండోస్ 3.1తో చిన్నగా మొదలైన రిజిస్ట్రీ, 1995లో విండోస్ 95 వచ్చేసరికి పెద్ద దస్తరమైంది. ప్రోగ్రాం తీసేసినా దాని తాలూకు రాతలు కొన్ని మిగిలిపోతుంటాయి. చెత్త అనేది వాటినే. అవి మిగలడం నిజమే. వాటి వల్లే మిషన్ నెమ్మదిస్తుందా అన్నదే అసలు ప్రశ్న.

సంక్రాంతి రోజు భోజనాలయ్యాక మాస్టారి పుస్తకం ఓసారి చూసుకుందామని షాపు తీశారు. ఇ డ్రైవు లేదు! కాళ్లు వణికాయి. క్యాబినెట్ విప్పితే సంగతి తెలిసింది. నిన్న దుమ్ము దులిపేటప్పుడు రెండో డిస్కు కరెంటు కనెక్టర్ వదులై ఊడింది. నొక్కిపెట్టి ఆన్ చేస్తే డ్రైవు వచ్చింది, ఫైలు ఉంది. హమ్మయ్య అనుకుంటూ తెరిచారు.

పేజ్‌మేకర్ ఓ పెద్ద పట్టీ చూపించింది. ఈ ఫాంట్లు కనబడటం లేదు, బదులుగా ఇవి వాడమంటారా అని. తాత్కాలికంగానా, శాశ్వతంగానా అని కూడా అడిగింది. కంగారులో ఏదో నొక్కారు. పుస్తకం తెరుచుకుంది. పద్యం ఒక్కటి లేదు! పేజీ నిండా ఇంగ్లిషు అక్షరాలు, వాటి నెత్తిన చుక్కలు, మధ్యమధ్య డాలరు గుర్తులు. చేతి అలవాటు కొద్దీ సేవ్ కూడా కొట్టేశారు.

జరిగిందేమిటంటే... క్లీనర్ తిరిగే సమయానికి ఇ డ్రైవు ఊడి ఉంది. ఫలానా తెలుగు ఫాంటు ఇ డ్రైవులో ఉందని రిజిస్ట్రీలో రాసి ఉంది. క్లీనర్ వెళ్లి చూసింది. అక్కడ డ్రైవే లేదు. ‘ఇది దొంగ రాత’ అని కొట్టేసింది. ఓటర్ల జాబితా సవరించడానికి వచ్చినవాళ్లు, ఇంటికి తాళం ఉందని పేరు కొట్టేసి పోతారు చూడండి, అచ్చం అలాగే. ఆ ఇంటాయన పక్కూరు వెళ్లారు, ఎల్లుండి వస్తారు అని చెప్పేవాళ్లు లేకపోయారు. అరవై ఫాంట్లు, టైపింగ్ సాఫ్ట్‌వేర్, దాన్ని లేపే రాత... అన్నీ ఆ పూట క్లీనర్ కొట్టేసినవాటిలో ఉన్నాయి. చెత్తతో పాటే మంటలో పడ్డాయి.

మేనల్లుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. ‘‘మావయ్యా, నేనూ...’’ అన్నాడు. ఆయన ఏమీ అనలేదు. టిక్కు తీసేస్తుంటే పక్కనే కూచుని చూసింది ఆయనే కదా!

కనుమ నాడు కాకైనా కదలదంటారు. హార్డ్‌వేర్ కుర్రాడు మాత్రం కదిలాడు. గారెల వాసన చేతులతోనే వచ్చి కూచున్నాడు. ఫాంట్లు తిరిగి చేర్చడం పావుగంట పని. టైపింగ్ సాఫ్ట్‌వేర్ సీడీ ఇంట్లో బీరువా అడుగున దొరికింది. అదో గంట. అసలు కష్టం పుస్తకంలో ఉంది. ‘శాశ్వతంగా’ అని నొక్కి సేవ్ చేయడంతో ఏ పద్యానికి ఏ ఫాంటో ఆ ఫైలు మర్చిపోయింది. పద్యానికొకటి, తాత్పర్యానికొకటి, శీర్షికకొకటి. అన్నీ మళ్లీ చేత్తో ఇవ్వాలి. తొంభై ఆరు పేజీలు.

సాయంత్రానికి మాస్టారు గొడుగు పట్టుకుని వచ్చారు. ఆఖరి ప్రూఫు చూసుకుందామని. తెర మీద తన పద్యాన్ని చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు. ‘‘ఇదేం భాషరా అబ్బాయ్?’’

చెప్పక తప్పలేదు. ముప్ఫై ఏళ్ల కిందట హోంవర్కు చేయని రోజున నిలబడ్డట్టే నిలబడి చెప్పారు. మాస్టారు కోప్పడలేదు. అక్కడే స్టూలు మీద కూచున్నారు. ‘‘కొట్టేసినవి ఉంటే ఏమిటి నష్టం? అవి లేకపోతే ఏమిటి లాభం? ముందది చెప్పు’’ అని హార్డ్‌వేర్ కుర్రాణ్ని అడిగారు.

వాడికి పుస్తకాల భాష రాదు. అయినా బాగానే చెప్పాడు. ‘‘విండోస్ ఆ దస్తరాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవదు మాస్టారూ. దానిక్కావలసిన పేరు దగ్గరికి నేరుగా వెళ్లిపోతుంది. పేర్లన్నీ వరసలో అమర్చి ఉంటాయి. నడిమికి తీసి చూస్తుంది, ముందుందా వెనకుందా అని. మళ్లీ ఆ సగానికి నడిమి...’’ ఆ లెక్కన లక్ష పేర్లున్నా కావలసినదాన్ని పదిహేడు చూపుల్లో పట్టుకోవచ్చు. అందులోంచి వెయ్యి పేర్లు తీసేసినా అవే పదిహేడు చూపులు.

మాస్టారు తలాడించారు. ‘‘అయితే నిఘంటువు లాంటిదన్నమాట. శబ్దరత్నాకరంలో సగం మాటలు ఇప్పుడెవరూ వాడరు. అలాగని ఆ పేజీలు చింపేస్తే మిగతా మాటలు తొందరగా దొరుకుతాయా? చింపిన పేజీకి వెనకవైపు నాకు కావలసిన మాట ఉంటేనో?’’

షాపులో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత అందరూ పనిలో పడ్డారు. మాస్టారు చేతిరాత నోటుపుస్తకం చూసి ఏది పద్యమో ఏది తాత్పర్యమో చెబుతుంటే, మేనల్లుడు పేజీలు తిప్పుతుంటే, ఆయన ఒక్కో ముక్కా సెలక్ట్ చేసి దాని ఫాంటు దానికి ఇచ్చారు. డాలరు గుర్తుల మధ్యలోంచి తెలుగు లేచి కూచుంటుంటే, ప్రతిసారీ మొదటిసారి చూసినట్టే చూశారు మాస్టారు. తెల్లవారుజామున మూడున్నరకి తొంభై ఆరో పేజీ అయింది. ట్రేసింగులు చుట్టచుట్టి మేనల్లుడే మొదటి బండికి బెజవాడ వెళ్లాడు. ఆదివారం పుస్తకం ఆవిష్కరించారు. రెండు అచ్చుతప్పులు మిగిలాయి. మాస్టారు వాటిని ప్రతి కాపీలోనూ పెన్నుతో దిద్ది ఇచ్చారు.

మరి మిషన్ ఎందుకు నత్తనడక నడిచింది? వారం తర్వాత హార్డ్‌వేర్ కుర్రాడే అది తేల్చాడు. ‘టాస్క్ మేనేజర్’ తెరిచి చూపించాడు. పెట్టెలో ఉన్న ర్యామ్ 128 ఎంబీలు. లేచి కూచున్న ప్రోగ్రాములన్నిటికీ కావలసింది మూడొందల పైమాటే. చాలనిదాన్ని విండోస్ హార్డ్‌డిస్కులో పెట్టి తీస్తూ, పెట్టి తీస్తూ ఉంటుంది. ర్యామ్‌తో పోలిస్తే డిస్కు ఎన్నో వేల రెట్లు నెమ్మది. క్యాబినెట్ ముందు ఎర్రలైటు ఆగకుండా మిణుకుమనడానికి కారణం అదే. ‘‘జబ్బు ఇన్నాళ్లూ లైటేసి మరీ చెబుతోంది బాబాయ్’’ అన్నాడు.

గడియారం పక్కన కుడిమూల పదహారు ఐకాన్లు. ఎప్పుడో ఎక్కించి వదిలేసిన మెసెంజర్లు, ప్లేయర్లు, ప్రింటర్ తాలూకు సహాయకులు. స్విచ్ వేయగానే అన్నీ లేస్తున్నాయి. అక్కర్లేని పదకొండిటిని లేవకుండా ఆపితే 4 నిమిషాల 10 సెకన్లు కాస్తా 2 నిమిషాల 35 సెకన్లయ్యాయి. ఇంకో 256 ఎంబీల ర్యామ్ వేస్తే 1 నిమిషం 10 సెకన్లు. ఖర్చు ఓ పెళ్లికార్డుల ఆర్డరు మిగిల్చేంత. బిల్లు పుస్తకం వెనక ఆ అంకెలన్నీ ఒకదాని కింద ఒకటి రాసుకున్నారు ఆయన.

కుదింపు సంగతి కూడా అప్పుడే తెలిసింది. రాతలు కొట్టేసినచోట దస్తరంలో ఖాళీలు మిగులుతాయి. ఖాళీలు లేకుండా కొత్త ప్రతి రాసి, పాతదాని స్థానంలో పెట్టడమే కుదింపు. విండోస్ నడుస్తుండగా ఆ దస్తరం వాడుకలో ఉంటుంది కాబట్టే రీస్టార్ట్ అడుగుతుంది. ఆయన మిషన్‌లో మిగిలింది మూడు ఎంబీలు. ఆనాటి హార్డ్‌డిస్క్ సెకనుకి ముప్ఫై ఎంబీలు చదివినా, ఆ మూడింటి విలువ సెకనులో పదో వంతు! అదీ మొత్తం చదివితేనే. విండోస్ ఎక్స్‌పీ నుంచి రిజిస్ట్రీలో అవసరమైన భాగాన్నే మెమరీలో చూసుకునే పద్ధతి వచ్చింది. ఖాళీల బరువు అసలు మోయనే మోయదు.

మేనల్లుడు చెప్పింది పూర్తిగా గాలి కబురేమీ కాదు. విండోస్ 95, 98 రోజుల్లో రిజిస్ట్రీ రెండు ఫైళ్లలో ఉండేది. అవి పాడైతే మిషన్ లేచేది కాదు. అందుకే 98లో ‘స్కాన్‌రెగ్’ అనే పనిముట్టు పెట్టారు. అది రోజూ కాపీ తీసి ఐదు కాపీలు దాచేది. పాడైతే బాగుచేసేది, ఖాళీ జాగా తీసేసేది. విండోస్ 2000 దాకా రిజిస్ట్రీ ఇంతకు మించకూడదనే హద్దు కూడా ఉండేది. ఆ రోజుల్లో పుట్టిన మాట, ఆ రోజులు పోయాకా నోటినోటా తిరిగింది. మైక్రోసాఫ్ట్ కూడా ఒకప్పుడు ‘రెగ్‌క్లీన్’ అని ఒకటి ఇచ్చి, తర్వాత వెనక్కి తీసుకుంది. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించమని ఆ సంస్థే తర్వాత తన సహాయ పేజీల్లో రాసింది. విండోస్ లోగుట్టు తెలిసినవాడిగా పేరున్న మార్క్ రుసినోవిచ్ కూడా 2005లోనే ఇదే చెప్పారు. రిజిస్ట్రీలో చెత్త మిగలడం మామూలేనని, దానివల్ల వేగానికి వచ్చే నష్టం పెద్దగా లేదని.

అలాగని రిజిస్ట్రీని ఎప్పుడూ ముట్టుకోకూడదని కాదు. వైరస్ పోయినా దాన్ని లేపే రాత మిగిలి, స్విచ్ వేసినప్పుడల్లా ‘ఫలానా ఫైలు లేదు’ అని పట్టీ వస్తుంటే, ఆ ఒక్క రాతనీ కాపీ దాచుకుని తీసేయొచ్చు. అది ముల్లు తీసినట్టు. వెయ్యిన్నూట నలభై ఒక్కసారిగా తీయడం ముల్లు తీయడం కాదు, చర్మం ఒలవడం.

అంకెకి ఉన్న బలం అలాంటిది. ‘మీ మిషన్ బాగానే ఉంది’ అని చెప్పే సాఫ్ట్‌వేర్‌ని ఎవరు కొంటారు? 2019లో అమెరికాలో పేరున్న ఓ దుకాణాల సంస్థ, దాని సాఫ్ట్‌వేర్ భాగస్వామి కలిసి 3.5 కోట్ల డాలర్లు కట్టి కేసు పరిష్కరించుకున్నాయి. ఉచితంగా కంప్యూటర్ పరీక్ష అని చెప్పి, లేని జబ్బులు చూపించి మరమ్మతులు అమ్మారన్నది ఆరోపణ.

విండోస్ ఎక్స్‌పీకి మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్‌లో మద్దతు ఆపేసింది. ఆ పెంటియం అంతకు ముందే అటకెక్కింది. ఇప్పుడు షాపులో ఉన్న మిషన్‌కి తిరిగే డిస్కే లేదు, ఎస్ఎస్‌డీ. స్విచ్ నొక్కితే టీకి వెళ్లే తీరిక ఇవ్వదు. పెళ్లికార్డులు సగం ఫోన్లలోకి వెళ్లిపోయాయి, ఫ్లెక్సీల పనే ఎక్కువ. మాస్టారు లేరు. ఆయన పెన్నుతో దిద్దిచ్చిన కాపీ కౌంటర్ అద్దం కింద ఉంది.

మేనల్లుడిప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఓ సంక్రాంతికి వచ్చినప్పుడు, అత్తయ్య ఫోన్‌లో ‘మీ ఫోన్ నెమ్మదించింది, వెంటనే శుభ్రం చేయండి’ అని ఎర్రక్షరాలు మెరుస్తుంటే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు. ‘‘ఎంతసేపట్లో తెరుచుకుంటోందో ముందు చూద్దాం ఉండు’’ అంటూ ఆయన చేతి గడియారం విప్పారు.

ఇప్పటికీ భోగి నాడు తెల్లారుజామునే లేచి, ఇంట్లో పాతసామాను మోసుకొచ్చి మంట దగ్గర పెడతారు. అరిగిన చీపురు, కాలు విరిగిన పీట, చివికిన బుట్ట. మంటలో వేసేముందు మాత్రం ఒక్కోదాన్నీ ఎత్తి పట్టుకుని లోపలికి కేకేస్తారు.

‘‘ఇది ఎవరిదో చూసి చెప్పండి, వేసేస్తున్నా!’’